ఇంట్లో ఆడియో సెట్టు పిచ్చి: రేడియో నుంచి బ్లూటూత్ దాకా నేను నేర్చుకున్నవి

రెండు మూడు ఎపిసోడ్ల నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. “అన్నా, నీ వెనకాల అరలో ఉన్న ఆ పాత డబ్బాలేంటి? పనిచేస్తాయా, ఊరికే షోకి పెట్టావా?” అని. పనిచేస్తాయి. ఒక రేడియో, ఒక క్యాసెట్ డెక్కు, ఒక లోకల్ ఆంప్లిఫయర్, ఒక జత స్పీకర్లు. అన్నీ ఆన్ అవుతాయి, అన్నీ పాడతాయి.

ఫోన్‌లో కోట్ల పాటలు ఉన్నప్పుడు ఇవెందుకు అనేది న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈరోజు ఎపిసోడ్ మొత్తం దాని మీదే. మా ఇంట్లోకి వరసగా వచ్చిన సెట్లు ఏంటి, ఒక్కోటి లోపల ఎట్లా పనిచేస్తుంది, ఇవాళ మీరు కొనాలంటే ఏం చూడాలి, ఇవన్నీ చెప్తా. మధ్యలో ఒక క్యాసెట్ కథ ఉంది. ఆ డెక్కు లేకపోతే మా నానమ్మ గొంతు ఇవాళ మా ఇంట్లో ఎవరికీ వినపడేది కాదు. ఆ భాగం మాత్రం స్కిప్ చేయకండి, ఎందుకంటే అది మీ ఇంటికి కూడా పనికొస్తుంది.

ముందు మా ఊరి సంగతి

మాది గోదావరికి ఇవతలి ఒడ్డు, బూర్గంపాడు మండలం. వంతెన దాటితే భద్రాచలం. 2016 అక్టోబర్ దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అవతలి ఒడ్డున పైకి పోతే దుమ్ముగూడెం, చర్ల, ఆ పైన ఛత్తీస్‌గఢ్ అడవి.

ఊరి సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆడియో సామాన్లకు మూడు శత్రువులు. ఒకటి తేమ, రెండోది నిలకడ లేని కరెంటు, మూడోది బలహీనమైన సిగ్నల్. మా దగ్గర మూడూ ఫుల్లుగా ఉండేవి. సిటీలో ఉన్నవాళ్ళకి సెట్టు కొనడంతో పని అయిపోతుంది. మా దగ్గర కొన్నాక అసలు పని మొదలవుతుంది. అందుకే నేను వినడం కన్నా ముందు విప్పడం నేర్చుకున్నా.

రేడియో: పక్కకి తిప్పితే పాట ఎందుకొస్తుంది?

మొదటిది నాన్న కొన్న రెండు బ్యాండ్ల ఫిలిప్స్ రేడియో. పొద్దున్నే విజయవాడ కేంద్రం. ఆకాశవాణి విజయవాడ 1948 డిసెంబర్ 1న మొదలైంది. పొద్దుటి భక్తిరంజని, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలు, ఇవి మా ఇంట్లో కాఫీతో పాటు వచ్చేవి. భద్రాచలం గుడి మాకు వంతెన అవతలే ఉన్నా, శ్రీరామనవమి రోజు కల్యాణం చాలామందికి రేడియోలోనే. ఆ జనంలో ముసలోళ్ళు ఎక్కడ నిలబడతారు? ఇంట్లో రేడియో పెట్టుకుని వ్యాఖ్యానం వింటూ అక్షింతలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఉషశ్రీ గారి కల్యాణ వ్యాఖ్యానం గురించి నాన్న ఇప్పటికీ చెప్తాడు. ఆయన 1990లోనే పోయారు, నేను పుట్టకముందే. అయినా ఆ గొంతు నాకు తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే నాన్న అనుకరిస్తాడు.

సరే, టెక్నికల్ విషయానికి వద్దాం. పాత రేడియోలో స్టేషన్ సరిగ్గా రాకపోతే పెద్దవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పేవాళ్ళు గుర్తుందా? అది అలవాటు కాదు, సైన్స్. మీడియం వేవ్ పట్టుకోవడానికి బయటికి లాగే యాంటెన్నాతో పనిలేదు. రేడియో లోపల నల్లటి కడ్డీ ఒకటి ఉంటుంది, ఫెర్రైట్ రాడ్ అంటారు, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ కడ్డీ స్టేషన్ వైపుకి అడ్డంగా ఉంటే సిగ్నల్ బాగా వస్తుంది. కడ్డీ కొన స్టేషన్ వైపు చూస్తుంటే దాదాపు ఏమీ రాదు. అంటే రేడియో తిప్పుతున్నప్పుడు నిజానికి యాంటెన్నాని తిప్పుతున్నారన్నమాట.

ఇంకొకటి. పగలు రాని దూరపు స్టేషన్లు రాత్రి ఎందుకు వచ్చేవి? మన తల మీద, వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొరలుంటాయి. పగలు ఎండకి కింద ఒక పొర తయారై మీడియం వేవ్‌ని మింగేస్తుంది. సూర్యుడు దిగిపోగానే ఆ పొర పోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి వెళ్ళి, అక్కడ తగిలి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మాకు రాత్రి పది దాటితే ఒకదాని మీద ఒకటి, తెలియని భాషల్లో పాటలు వచ్చేవి. నాకు చిన్నప్పుడు అవన్నీ అడవి అవతలి ఊళ్ళ పాటలు అనిపించేది.

టేప్ రికార్డర్: తుప్పు మీద రాసిన పాట

తర్వాత వచ్చింది టేప్ రికార్డర్. మా తరంలో చివరి బ్యాచ్ మేమే అనుకుంటా. 2006లో శ్రీరామదాసు సినిమా వచ్చినప్పుడు నేను క్యాసెట్ మీదే విన్నా. మా ఏరియాలో కథ, కీరవాణి గారి సంగీతం, ఇంక చెప్పాలా? ప్రతి కిరాణా కొట్టులో అదే.

క్యాసెట్ అనేది ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. లోపల ప్లాస్టిక్ రిబ్బను, దాని మీద ఇనుప ఆక్సైడ్ పూత. ఇనుప ఆక్సైడ్ అంటే మన భాషలో తుప్పు జాతి పదార్థమే. ఆ రిబ్బను వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అందులోనే రెండు వైపులకీ, ఒక్కో వైపు ఎడమ కుడి కలిపి మొత్తం నాలుగు దారులు. సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో హెడ్ ముందు నుంచి నడుస్తుంది. లెక్కేయండి, 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపుకి 30 నిమిషాలు, అంటే దాదాపు 86 మీటర్ల రిబ్బను. అరచేతిలో పట్టే డబ్బాలో అంత పొడుగు ఉందన్నమాట.

హెడ్ అనేది ఒక చిన్న అయస్కాంతం. రికార్డు చేసేటప్పుడు శబ్దానికి తగ్గట్టు దాని బలం మారుతుంది, ఆ మార్పు తుప్పు రేణువుల మీద అచ్చు పడుతుంది. ప్లే చేసేటప్పుడు రివర్స్. ఇందులో ఒక విషయం గమనించండి. పాటని అందులో ఎవరూ అంకెలుగా మార్చలేదు. గాలి కదిలిన తీరే రిబ్బను మీద మిగిలింది.

ఆ రోజుల్లో మనకి ప్లేలిస్ట్ అంటే ఏంటి? తెల్ల కాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ షాపులో ఇవ్వడం. రెండు రోజులకి రమ్మనేవాడు. లిస్టులో పదకొండో పాట పట్టదు, దేన్ని తీసేయాలి అని ఇంట్లో పెద్ద చర్చ. పాట మీద విలువ అక్కడ తెలిసేది. ఇప్పుడు ముప్పై సెకన్లు నచ్చకపోతే స్కిప్. నేనూ అంతే, మిమ్మల్ని అనట్లేదు.

పాట నీరసంగా, గొంతు బరువుగా వస్తోందంటే లోపల రబ్బరు బెల్టు సాగిపోయిందని. శబ్దం దుప్పటి కప్పుకుని వస్తున్నట్టు ఉంటే హెడ్ మీద మట్టి పేరుకుందని, దూదికి స్పిరిట్ అద్ది తుడవాలి. తుడిచినా అట్లాగే ఉంటే హెడ్ వంకర పోయిందని. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, పాట నడుస్తుండగా దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ పోతే ఒక చోట తాళాలు, ఈల శబ్దాలు ఒక్కసారిగా తేటపడతాయి. అక్కడ ఆపాలి. దీన్ని అజిమత్ సర్దడం అంటారు. పేరు నాకు బీటెక్‌లో తెలిసింది గానీ పని ఆరో తరగతిలోనే వచ్చు.

లోకల్ ఆంప్లిఫయర్: వాట్ల మాయ

నా అసలు పిచ్చి ఇక్కడ మొదలైంది. భద్రాచలంలో ఒక రేడియో మెకానిక్ బాబాయి ఉండేవాడు. సెలవుల్లో ఆయన కొట్టులో కూర్చునేవాణ్ణి. ఎల్ఏ 4440 అనే ఒక ఐసీ ఉంటుంది. 12 వోల్టుల మీద నడుస్తుంది. రెండు చానెళ్ళు, ఒక్కోటి 6 వాట్లు. రెండూ కలిపి బ్రిడ్జి చేస్తే 19 వాట్లు. మన ఊళ్ళలో ఆటోల్లో, ఇంట్లో చెక్క డబ్బాల్లో మోగిన లోకల్ సెట్లలో చాలావాటి గుండెకాయ ఇదే. ఇంకా గట్టిగా కావాలంటే 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు జతలు జతలుగా వేసి పెద్ద సెట్టు కట్టేవాళ్ళు.

మా నాన్న చేత డబ్బులు పెట్టించి ఆయన దగ్గర ఒకటి కట్టించుకున్నాం. ఆన్ చేయగానే గుయ్‌మని శబ్దం. ఎందుకో తెలుసా? మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని డయోడ్లతో ఒకే దిక్కుకి మార్చినప్పుడు 100 సార్లు ఎగుడుదిగుడు మిగులుతుంది. ఆ గుంతలు పూడ్చడానికే పెద్ద కెపాసిటర్. అది చిన్నదైనా, పాతబడినా ఆ 100 స్పీకర్‌లో గుయ్‌మంటుంది. బాబాయి పెద్ద కెపాసిటర్ వేశాడు, శబ్దం పోయింది.

ఒకరోజు నేను “బాబాయ్, బజార్లో డబ్బా మీద వెయ్యి వాట్లు అని ఉంది, మనది పందొమ్మిదే కదా” అన్నా. ఆయన నవ్వి “అది డబ్బా మీద వాట్లురా, నువ్వు డబ్బా చూడమాక, వెనకాల ఫ్యూజు చూడు” అన్నాడు. నాకు ఇప్పటికీ ఇంతకన్నా మంచి కొనుగోలు సలహా దొరకలేదు. ఇదే చూడండి. పీఎంపీవో అని రాసే వాట్లు ఒక లెక్కకి లొంగేవి కాదు. క్షణంలో వెయ్యోవంతు పాటు ఊహల్లో వచ్చే శిఖరాన్ని, ఉన్న స్పీకర్లన్నిటితో కలిపి రాసేస్తారు. ఆర్ఎంఎస్ అని రాసేది మాత్రం ఆగకుండా ఇవ్వగలిగేది. గోడలో నుంచి 60 వాట్లు తీసుకునే డబ్బా, స్పీకర్‌లో వెయ్యి వాట్లు ఆగకుండా ఎట్లా ఇస్తుంది? వెనకాల రాసి ఉన్న కరెంటు వాడకం చూస్తే చాలు, నిజం తెలిసిపోతుంది.

ఇంకో మాయ. వాట్లు రెండింతలైతే శబ్దం రెండింతలు కాదు. 3 డెసిబెళ్ళే పెరుగుతుంది, చెవికి “కొంచెం పెరిగింది” అనిపిస్తుంది అంతే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతలు వాట్లు కావాలి. అందుకే వాట్ల వెంట పడేకంటే స్పీకర్ సెన్సిటివిటీ చూడండి. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎంత మోగుతుంది అనే అంకె అది. 84 ఉన్న స్పీకర్‌కీ 90 ఉన్న స్పీకర్‌కీ తేడా 6 డెసిబెళ్ళు. అంటే రెండోది నాలుగో వంతు వాట్లతోనే అంతే మోగుతుంది.

మా దగ్గర సాయంత్రం పొలాల మోటార్లు ఆన్ అయితే వోల్టేజ్ పడిపోయేది. అప్పుడు వాల్యూమ్ పెంచితే పాట పగిలినట్టు వస్తుంది. కరెంటు తక్కువైనప్పుడు ఆంప్లిఫయర్ తరంగం పైభాగం కోసుకుపోతుంది, దాన్ని క్లిప్పింగ్ అంటారు. స్పీకర్లు, ముఖ్యంగా పైన ఉండే చిన్న ట్వీటర్లు కాలిపోయేది ఎక్కువగా దీనివల్లే. గొంతు పగులుతోందంటే వెంటనే తగ్గించండి, అంతే సూత్రం.

ఎంపీ3, హోమ్ థియేటర్ రోజులు

ఈ భాగం తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే మీలో చాలామందికి తెలుసు. తర్వాత డీవీడీ ప్లేయరు, దానికి ఐదు చిన్న స్పీకర్లు, ఒక వూఫర్. పండక్కి వీధంతా అదురుద్ది. ఒక సీడీలో నూట యాభై పాటలు ఎట్లా పట్టాయి? ఆడియో సీడీలో సెకనుకి 44,100 సార్లు, ప్రతిసారీ 16 బిట్లు, రెండు చానెళ్ళు. గుణిస్తే సెకనుకి 1,411 కిలోబిట్లు. అప్పట్లో ఎంపీ3 సాధారణంగా 128 కిలోబిట్లు. పదకొండో వంతు. చెవి పట్టుకోలేదు అనుకున్నవన్నీ తీసేసి చిన్నది చేస్తారు. ఒక గట్టి శబ్దం పక్కన ఉన్న మెల్లటి శబ్దం మనకి వినపడదు, ఆ బలహీనతని వాడుకుంటారు. బాగా చేస్తే తేడా పట్టుకోవడం కష్టం. చవగ్గా చేస్తే తాళాల శబ్దం నీళ్ళలో నుంచి వస్తున్నట్టు ఉంటుంది. మీ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో జరిగేది కూడా ఇలాంటి కుదింపే.

మొదటి జీతం, కోఠి గల్లీలు

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. మొదటి జీతం రాగానే అందరూ ఫోన్ కొంటారు, నేను కోఠి గుజరాతీ గల్లీ వైపు పోయా. తర్వాత నాలుగేళ్ళలో కొన్నవి, అమ్మినవి లెక్కలేదు. సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫయర్లు, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక టర్న్‌టేబుల్. ఎంత మార్చినా ఏదో తక్కువే అనిపించేది. చివరికి తేలింది ఏంటంటే, మనం వినేది సామాను ఒక్కదాన్ని కాదు, గదిని కూడా.

ఖాళీ గదిలో చప్పట్లు కొట్టండి. గోడల నుంచి టప్‌మని తిరిగొస్తుంది కదా, మీ పాటకీ అదే జరుగుతోంది. మా ఊళ్ళో నానమ్మ కుట్టిన పాత బొంతలుండేవి. వాటిని తెచ్చి స్పీకర్లకి ఎదురు గోడ మీద వేలాడదీశా. పుస్తకాల అర ఒక పక్క గోడకి జరిపా. స్పీకర్లని గోడ నుంచి రెండడుగులు ముందుకు తెచ్చి, రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో నా కుర్చీ కూడా అంతే దూరంలో పెట్టా. పైసా ఖర్చు లేదు. గాయని గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య గాల్లో నిలబడింది. ఆ తర్వాత సామాన్లు మార్చడం తగ్గిపోయింది.

2022 జూలై

ఇప్పుడు ముందు చెప్పిన క్యాసెట్ సంగతి.

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు హెచ్చరికలుంటాయి. 43 అడుగులకి మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, అదే రికార్డు. మా ఇంట్లో ఏ కొలత చెప్పినా ఎనభై ఆరుతో పోల్చి చెప్తారు. 2022 జూలై 16న 71.3 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అమ్మానాన్నలు పాల్వంచలో మామయ్య వాళ్ళింటికి వెళ్ళారు. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి ఇంట్లో గోడ మీద నడుం దాకా బురద గీత. వూఫర్ డబ్బా ఉబ్బిపోయి పెచ్చులూడింది. కాగితం కోన్ స్పీకర్లు ముద్దయిపోయాయి. వాటికి బాధపడలేదు, మళ్ళీ కొనొచ్చు.

ఇనప్పెట్టెలో నలభై దాకా క్యాసెట్లు. అన్నీ బురద నీళ్ళలో. అందులో ఒక దాని మీద నాన్న చేతిరాతతో “అమ్మ పాటలు 2003” అని. నాట్ల పాటలు, పెళ్ళి పాటలు, వరసలు కట్టి నానమ్మ పాడినవి. ఆమె 2011లో పోయింది. ఫోటోలు మూడున్నాయి. గొంతు మాత్రం ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

తడిసిన క్యాసెట్ విషయంలో ముందు తెలియాల్సింది, వెంటనే ప్లే చేసి చూడకూడదు. రిబ్బను చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మోటారు లాగితే పూత ఊడొస్తుంది. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, రిబ్బను వంకర పోతుంది. నేను చేసింది ఇది. ముందు నాన్న చేతిరాత ఉన్న ఆ లేబుల్‌ని ఫోటో తీశా. మూలల్లో, మధ్యలో ఉన్న ఐదు చిన్న స్క్రూలు విప్పి, రెండు రీళ్ళనీ మెల్లగా బయటికి తీసి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో బురద పోయేదాకా కడిగా. నల్లా నీళ్ళు వాడితే ఆరాక ఉప్పు మరకలు మిగులుతాయి. తర్వాత నీడలో, ఫ్యాన్ గాలికి, బట్ట మీద పది రోజులు. అవతల మరో క్యాసెట్ విప్పి దాని పొడి డబ్బాలో ఈ రీళ్ళు కూర్చోబెట్టా. పెన్సిల్‌తో చేత్తోనే అటు చివరికి, ఇటు చివరికి ఒకసారి చుట్టా. అప్పుడు గానీ డెక్కులో పెట్టలేదు. పెట్టిన మొదటిసారే రికార్డింగ్ ఆన్ చేసి పెట్టా, ఎందుకంటే రెండోసారి ఆ రిబ్బను బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

27 నిమిషాలు వచ్చింది. రెండు చోట్ల శబ్దం మునిగి తేలుతుంది. మధ్యలో ఒక చోట నానమ్మ పాట ఆపి “ఇంక చాల్లేరా, పొయ్యి మీద కూర మాడుద్ది” అంటుంది. అది విని నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ, నేను అట్లాగే కూర్చున్నాం.

హెడ్‌ఫోన్స్ పెట్టి మళ్ళీ విన్నప్పుడు ఇంకోటి బయటపడింది. నానమ్మ పాట వెనకాల, చాలా దూరంగా, డోలు మోగుతోంది. పక్క కోయ గూడెంలో ఏదో పండగ. నాన్న రికార్డు చేయాలనుకున్నది అది కాదు, అసలు ఆయనకి గుర్తే లేదు. కానీ గాలిలో ఉన్నదంతా రిబ్బను మీద పడింది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. కోయవాళ్ళ డోలి కళాకారుడు, సమ్మక్క సారలమ్మల చరిత్రని డోలు మీద పాడగలిగిన మనిషి. 2022లోనే పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయారు. పుస్తకంలో కాకుండా గొంతులో మాత్రమే ఉన్న చరిత్ర అది. ఆయనకి పద్మశ్రీ వచ్చింది కాబట్టి వీడియోలు కొన్నైనా మిగిలాయి. అవార్డు రానివాళ్ళ సంగతేంటి? మన ఇళ్ళల్లో ఉన్న ముసలివాళ్ళ సంగతేంటి? ఆలోచించండి.

మీ ఇంటి క్యాసెట్‌ని ఫోన్‌లోకి ఎక్కించడం ఎట్లా?

పెద్ద ఖర్చేం లేదు. పనిచేసే టేప్ రికార్డర్ ఒకటి సంపాదించండి, మీ వీధిలో ఎవరి అటక మీదో ఉంటుంది. ముందు బెల్టు, హెడ్ చూపించుకోండి. పనికిరాని క్యాసెట్‌తో టెస్ట్ చేయండి, ముఖ్యమైన దానితో కాదు.

టేప్ రికార్డర్ లైన్ అవుట్ నుంచి కానీ, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కానీ కేబుల్ వేసి ల్యాప్‌టాప్‌కి ఇవ్వండి. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఉంటే మంచిది, లైన్ ఇన్ ఉన్నది చూసుకోండి. నేరుగా ఫోన్ హెడ్‌సెట్ రంధ్రానికి ఇస్తే అది మైక్ దారి, ఒక చానెలే ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆడాసిటీ ఉంది, ఫ్రీ. లెవెల్ మైనస్ 6 డెసిబెళ్ళ దగ్గర ఆగేలా పెట్టండి, ఎర్ర గీత తాకకూడదు. అజిమత్ స్క్రూ గురించి చెప్పా కదా, అది రికార్డింగ్‌కి ముందే సర్దండి. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు.

ఒరిజినల్‌ని వేవ్ ఫైల్‌గా దాచండి. బరబర శబ్దం తీసేయడం లాంటివన్నీ కాపీ మీద చేయండి. అన్నీ తీసేసి గొంతుని మరీ శుభ్రం చేస్తే మా డోలు లాంటివి కూడా పోతాయి. రెండు చోట్ల పెట్టండి, రెండో చోటు వేరే ఊళ్ళో అయితే ఇంకా మంచిది, మా గోదావరి ఒడ్డువాళ్ళకి అయితే తప్పదు. ఫైల్ పేరులో ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం రాయండి. క్యాసెట్‌ని పారేయొద్దు. నిలువుగా, తేమ లేని చోట, స్పీకర్లకి దూరంగా పెట్టండి. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కదా.

క్యాసెట్లు లేని ఇల్లైతే ఇంకా సులువు. ఈ ఆదివారం అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని ఒక జానెడు దూరంలో మెత్తటి బట్ట మీద పెట్టండి. పాట రాకపోతే మాటలు చాలు.

ఇవాళ కొనాలంటే, వినాలంటే

తక్కువ డబ్బుల్లో మంచి శబ్దం కావాలంటే ఐదు స్పీకర్ల సెట్టు కంటే అదే ధరకి రెండు మంచి స్పీకర్లు. కొత్తదానికంటే సెకండ్ హ్యాండ్. సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు మీరు బాగా ఎరిగిన పాట ఒకటి తీసుకెళ్ళి, మెల్లగా పెట్టి వినండి. గట్టిగా పెడితే ప్రతి సెట్టూ బాగుంటుంది. స్పీకర్ అంచు రబ్బరు చీలిందా, కోన్‌ని మెల్లగా నొక్కితే గీసుకుంటోందా చూడండి. వాల్యూమ్ తిప్పితే బరబరమంటే భయపడొద్దు, క్లీనర్ కొడితే పోతుంది.

ఇయర్‌బడ్స్ వాడేవాళ్ళకి ఒక అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డెసిబెళ్ళకి వెళ్తే వారానికి 4 గంటలే. పదే తేడా, కానీ టైమ్ పదో వంతు అయింది. బస్సులో ఇంజన్ శబ్దం మీద పెంచుతాం, దిగాక తగ్గించడం మర్చిపోతాం. చెవి లోపలి సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్ళీ రావు. స్పీకర్ కోన్ అయితే మా బాబాయి మార్చేవాడు, దీన్ని మార్చే బాబాయి ఎవరూ లేరు.

ఇప్పుడు నా దగ్గర మిగిలినవి మీరు చూస్తున్న ఈ నాలుగే. మిగతావన్నీ అమ్మేశా. ఈ హాబీ వల్ల నాకు మిగిలిందేంటని అడిగితే, సామాన్ల కన్నా ఒక అలవాటు. పాట పెట్టి ఒక చోట కూర్చోవడం, పక్కన ఇంకొకరు ఉండటం. ఇయర్‌బడ్స్‌లో పాట నాది. స్పీకర్‌లో పాట ఇంటిది, అమ్మ వంటింట్లోంచి “అది తీసెయ్, ఆ రెండోది పెట్టు” అంటుంది.

మీ ఇంట్లో అటక మీద ఏ సెట్టు ఉంది, ఏ క్యాసెట్ మీద ఎవరి చేతిరాత ఉంది, కామెంట్స్‌లో రాయండి. కనెక్షన్ విషయంలో డౌట్ ఉంటే మోడల్ పేరు పెట్టండి, తెలిసినంతవరకు చెప్తా. వర్షాకాలం వచ్చేలోపు మాత్రం ఆ పెట్టె కిందకి దించి ఒకసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.